దండం పెట్టే పేజీ

మా కంపెనీలో రోజూ దీపాలు పెట్టే వేళకు ఒక దర్శనం ఉండేది. మా బాసు కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చుని, డేటాబేసు తెరిచి, తప్పుల టేబుల్‌ని పిలిచేవాడు. తెర మీద శీర్షికలు వరసగా వచ్చేవి: తప్పు జరిగిన సమయం, ఏ పేజీలో, ఎవరు లాగిన్ అయి ఉన్నారు, తప్పేమిటి. వాటి కింద ఏమీ ఉండేది కాదు. ఆ ఖాళీని ఆయన తృప్తిగా కాసేపు చూసి, "సూడండప్పా, ఒక్క తప్పు లేదు" అని చెప్పి, కింద అంగట్లో నుంచి మా ఇద్దరికీ మసాలా వడలు తెప్పించేవాడు. వడలు బాగుండేవి కాబట్టి మేమూ ఆ ఖాళీని భక్తిగానే చూసేవాళ్లం.

కంపెనీ అంటే ఎక్కువ ఊహించుకోకండి. తిరుపతి రైల్వే స్టేషనుకు దగ్గర సందులో, ఒక గాజుల అంగడి మీద గది. కింద గుండు కొట్టించుకున్న యాత్రికులు గాజులు బేరమాడుతుంటే, పైన బాసు, చిత్తూరు నుంచి వచ్చిన ఒక అబ్బాయి, నగరి నుంచి వచ్చిన నేను, ముగ్గురం కలిసి వెబ్‌సైట్లు చేసేవాళ్లం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. ఊళ్లో ఎవరైనా వెబ్‌సైట్ అంటే "టీవీలో వస్తాదా?" అని అడిగే రోజులు. మాకు అప్పటికి చెప్పుకోదగ్గ పని ఒక్కటే. తిరుపతిలో ఒకే యజమానికి రెండు కల్యాణ మండపాలుండేవి. ఏ మండపం ఆఫీసులో కూర్చున్నా రెండింటి తేదీలూ కనబడాలి, ఒకచోట బుక్ చేస్తే రెండోచోట తెలియాలి. అదీ మా ప్రోగ్రాము.

అందులో తప్పులు రాసుకునే ఏర్పాటు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని చుట్టూనే తిరిగింది. మా నాయనకు నగరిలో పవర్‌లూమ్ మగ్గాలు. పోగు తెగితే మగ్గం టక్కున తానే ఆగిపోతుంది, ఎవరో ఒకరు పోయి ముడి వేస్తారు. నేను నాయనకు చెప్పాను: "మా ప్రోగ్రాము ఆగదు నాయనా. పోగు యాడ తెగిందో, ఎప్పుడు తెగిందో, ఎవరు నిలబడినప్పుడు తెగిందో తానే రాసిపెట్టుకుంటాది. మేము తీరిగ్గా సూసి ముడి వేస్తాము." నాయన ఆ మాటకు ఎంత మురిసిపోయాడంటే, వారం రోజులు మగ్గాల దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు.

మా బాసు ఆ ఏర్పాటుకు మూడు నియమాలు పెట్టాడు. కస్టమరు కంటికి తప్పు కనబడకూడదు, ఏదైనా చెడితే చల్లగా మొదటి పేజీకి పోవాలి. తప్పు ఎవరి చేతిలో జరిగిందో పేరు లేకుండా టేబుల్లో ఒక్క వరస కూడా పడకూడదు, పేరు లేనిదాన్ని డేటాబేసే వెనక్కి పంపేయాలి. ఒకవేళ ఆ రాసుకోవడంలోనే ఏదైనా తేడా వస్తే నోరెత్తకుండా ఊరుకోవాలి. మూడూ విడివిడిగా వింటే బుద్ధిమంతుల మాటల్లాగే ఉన్నాయి. నేనూ, చిత్తూరబ్బాయీ తలలూపి రాసేశాం.

మొదటి పేజీ మాత్రం బాసు సొంత సృష్టి. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ రెండు చేతులూ జోడించి నవ్వుతూ ఉండే బొమ్మ. బుకింగ్ బాగా జరిగితే ఒక నంబరు వచ్చి, రెండు క్షణాలు నిలిచి, ఆపైన ఈ దండం పెట్టే పేజీ వచ్చేది. కొత్తగా తెరిచినా అదే పేజీ. ఏదైనా చెడినా అదే పేజీ. ఆ తల్లి మంచికీ చెడుకీ ఒకే నవ్వు నవ్వేది.

కొన్నాళ్లు అంతా సవ్యంగా నడిచింది. ఒక పొద్దు మండపం గుమాస్తా ఫోను చేశాడు. పెద్దాయన, నిదానస్తుడు, నన్ను అమ్మణ్ణీ అని పిలిచేవాడు.

"అమ్మణ్ణీ, మీ కంప్యూటరు పెళ్లిళ్లు మింగేస్తాండాది."

"ఏమైంది సార్?"

"సోమవారం ఒక పెండ్లి ఎక్కించినాను. ఈ పొద్దు సూస్తే ఆ తేదీ ఖాళీగా ఉండాది. నాకి గ్యాపకం ఉండబట్టి సరిపోయింది గానీ, ఇంకొకరికి ఇచ్చేసింటే ఇద్దరు పెండ్లికొడుకులు ఒకే పీట కాడ కొట్టుకుండేవాళ్లు."

బాసు టేబుల్ తెరిచాడు. ఖాళీ. "మన తప్పు కాదు. ఉంటే రాసింటాది కదా. ఆయనే నొక్కడం మరిచిపోయింటాడు" అని తీర్పు చెప్పాడు. నేను గుమాస్తాకు అదే మాట కొంచెం తేనె పూసి చెప్పాను. మళ్లీ శనివారం ఒక పెళ్లి పోయింది. ఆ తర్వాత గురువారం ఒకటి. సోమవారానిది పొద్దున్నే, శనివారానిది పొద్దెక్కాక, గురువారానిది మధ్యాహ్నం భోజనాలయ్యాక. మిగతా పెళ్లిళ్లన్నీ భద్రంగా ఉన్నాయి. గుమాస్తా మాత్రం "నేను నొక్కినాను, నా కండ్లెదుర దండం పెట్టింది" అని ఒట్టు వేశాడు. ఆ దండం మాట విన్నప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు. నాకు కోపం వచ్చింది, అంతే. నా ప్రోగ్రామును అంటే నాకు ఇప్పటికీ ముక్కు మీదే ఉంటుంది.

అయినా పరీక్ష చేయాలి కాబట్టి, తప్పులు నిజంగా రాసుకుంటుందో లేదో చూద్దామని చిత్తూరబ్బాయిని తప్పులు చేయమన్నాం. జీవితంలో వాడికి అంత సంతోషం కలిగించిన పని ఇంకొకటి ఉండదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని, పెళ్లికూతురి పేరు గడిలో ఫోను నంబరు కొట్టాడు. లేని నెలలో లేని తేదీకి పెళ్లి పెట్టాడు. తేదీ గడిలో ఇడ్లీ అని కొట్టాడు. టేబుల్లో వరసలు టపటపా పడ్డాయి. సమయం, పేజీ, వాడి పేరు, 'ఇది తేదీ కాదు: ఇడ్లీ'. అంత ముద్దుగా పడ్డాయి.

"పని జేస్తాండాది మేడమ్! సూడు, ఇడ్లీని కూడా పట్టేసింది" అని వాడు గంతులేశాడు. దోసె, వడ, ఉప్మా కూడా పట్టిస్తానని కూర్చున్నాడు. ఆ సాయంత్రం దర్శనానికి వచ్చిన బాసు నిండిన టేబుల్‌ను చూసి గుండె పట్టుకున్నాడు. అవి కావాలని చేసినవని ఎంత చెప్పినా ఆయన మనసు కుదుటపడలేదు. అన్నీ తుడిపించి, తెర మీద మళ్లీ తెల్లటి ఖాళీ కనబడ్డాకనే వడలు తెప్పించాడు.

ఇంతకీ తేలిందేమిటంటే, రాసుకునే ఏర్పాటు బ్రహ్మాండంగా పనిచేస్తోంది, అందులో తప్పేమీ లేదు, పెళ్లిళ్లు మాత్రం పోతున్నాయి. చిత్తూరబ్బాయి కరెంటు కోతను అనుమానించాడు. తర్వాత ఎలుకలను అనుమానించాడు. "ఒక టైముకు వస్తే పట్టుకోవచ్చు మేడమ్, ఇది రోజుకొక టైముకు తిరుగుతాండాది" అని నీరుగారిపోయాడు.

సరిగ్గా అప్పుడే మా అక్కకు సంబంధం కుదిరింది.

అబ్బాయి వాళ్లకు తిరుమల కొండ మీద అంగడి. చూపులయ్యాక అక్కకూ ఆయనకూ మాటలు కలిశాయి. ఇంట్లో ఫోను హాల్లో, నాయన కుర్చీ పక్కన ఉండేది కాబట్టి, అక్క కరివేపాకు తెస్తానని చెప్పి వీధి చివర ఎస్టీడీ బూతుకు పోయేది. ఆ నెల మా ఇంట్లో మజ్జిగలో కూడా కరివేపాకే. అమ్మ ఏమీ ఎరగనట్టు పోపు వేసేది. పెళ్లి తిరుపతిలోనే చేయాలని అబ్బాయి వాళ్ల మొక్కు. పురోహితుడు మా రెండిళ్ల జాతకాలకు కుదిరేది ఒకే ఒక ముహూర్తం అన్నాడు. అది దాటితే మూఢం, ఆ తర్వాత ఆషాఢం, ఇంకేదో, ఇంకేదో.

"హాలు దొరికితే ఇప్పుడు. దొరక్కపోతే అన్నీ పోయినాకనే" అన్నాడు నాయన.

అక్క ఆ రాత్రి నా పక్కన పడుకుని చెవిలో చెప్పింది: "అన్ని నెల్లు నేనాగలేనే. అంత కరివేపాకు నగరిలో దొరకదు."

నేను లేచి కూర్చుని, "మన హాలు ఉండాది గదే! నా సాఫ్ట్‌వేరు హాలు. నేను బుక్ జేపిస్తా" అని మాట ఇచ్చాను. ఆ తేదీకి తిరుపతిలో తక్కిన హాళ్లన్నీ అప్పటికే అయిపోయాయి. ఈ యజమాని మండపాల్లో ఒకటి కూడా పోయింది, ఒకటే మిగిలింది. అమ్మ మాత్రం, "నీ డబ్బాలో పెండ్లిండ్లు మాయమైతాండాయంట కదే?" అంది. చిత్తూరబ్బాయి నోటికి తాళం లేదని అప్పుడు తెలిసింది. "అదంతా గుమాస్తా పొరపాటు" అన్నాను, తల ఎగరేసి.

శుక్రవారం మంచిదని, పొద్దున్నే నాయన, అమ్మ, అక్క, పెద్దమ్మ బయలుదేరి వచ్చారు. అక్కను రావద్దన్నా వచ్చింది. పెద్దమ్మ అంటే అమ్మకు అక్క, మా ఇంట్లో శుభకార్యాలకు సర్వాధికారి. ఆమె ఎడమచేతికి ఒక గడియారం ఉండేది. భోజనం టైముకో బస్సు టైముకో ఆమె దాన్ని చూడగా నేను ఎరగను, రాహుకాలం చూడడానికే కట్టుకునేది. పుత్తూరు దాటాక బస్సు టైరు పేలడంతో వాళ్లు ఆలస్యమయ్యారు. నేను మండపం గేటు దగ్గర ఎదురుపోయేసరికి పెద్దమ్మ నన్ను పలకరించకుండా గడియారం చూసి, "పదిన్నర అయిపోయింది. రాహుకాలం పట్టేసింది" అంది.

గుమాస్తా ఏమాత్రం కంగారు పడలేదు. "దానికేముందమ్మా. ఇప్పుడు వివరాలన్నీ ఎక్కించి పెట్టేస్తాను. పన్నెండు దాటినాక మీ చేత్తో మీరే నొక్కండి" అన్నాడు. పెళ్లికూతురు, పెళ్లికొడుకు, గోత్రాలు, తేదీ, వంటగది, గదులు, అన్నీ ఒక్కొక్క వేలితో నిదానంగా కొట్టి, ఖాయం చేసే బటన్ దగ్గర బాణం గుర్తును ఆపి, మౌస్ మీద తువ్వాలు కప్పాడు. ఎవరైనా పొరపాటున ముట్టుకుంటారని. ఆ పద్ధతి చూసి పెద్దమ్మ కళ్లల్లో ఆయన మీద గౌరవం పొంగింది. మేమంతా ఎదురు హోటలుకు పోయి పొంగలి తిన్నాం, కాఫీ తాగాం, మళ్లీ కాఫీ తాగాం. నేను మా ప్రోగ్రాము గొప్పలు చెబుతూనే ఉన్నాను. నా కళ్లెదుట ఏం జరుగుతోందో నాకు పట్టలేదు.

పన్నెండు కొట్టింది. పెద్దమ్మ గడియారం ఇంకాసేపు చూసి, దానిమీద కూడా నమ్మకం లేక గోడ గడియారం చూసి, సంచిలోంచి పసుపు తీసి మౌస్‌కు బొట్టు పెట్టింది. దేవుణ్ణి తలచుకుని, చూపుడువేలితో నొక్కింది. పట్టుచీర ఆవిడ తెర మీదికి వచ్చి, నవ్వుతూ దండం పెట్టింది.

"అయిపోయిందమ్మా, దండం పెట్టేసింది" అన్నాడు గుమాస్తా.

నాయన తెరకు తిరిగి దండం పెట్టాడు. అమ్మ కూడా పెట్టింది. పెద్దమ్మ అందరి నోట్లో కలకండ పలుకులు వేసింది. అక్క మెల్లగా బయటికి జారుకుని, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతులో దూరింది. అద్దంలోంచి కనబడుతూనే ఉంది, రిసీవరు చెవికి ఆనించుకుని, ఇంకో చేత్తో కొంగు మెలితిప్పుతూ, ముఖమంతా నవ్వు.

నాకు మాత్రం చిన్న వెలితి. నంబరు చూసినట్టు లేదు. కలకండ చప్పరిస్తూనే, నా గొప్ప ఇంకొంచెం చూపిద్దామని, "నాయనా, క్యాలెండర్లో మన తేదీ ఎట్ల ఎర్రగా అయిందో సూడు" అని ఆ పేజీ తెరిచాను. తెరవబోతే ముందు లాగిన్ అవ్వమంది. పక్కన, తేదీలు చూడ్డానికి మాత్రమే పెట్టిన రెండో కంప్యూటర్లో చూశాను. మా తేదీ ఆకుపచ్చగా ఉంది. ఖాళీ అని అర్థం. రోడ్డవతల అక్క ఇంకా నవ్వుతూనే ఉంది.

"సార్, మీరు రోజూ ఇట్లనే జేస్తారా?" అన్నాను గుమాస్తాను.

"ఎట్లమ్మణ్ణీ?"

"అంతా ఎక్కించేసి, రాహుకాలం పోయేదాకా పెట్టేస్తారా?"

"మంచి గడియ వచ్చేదాకా పెండ్లి పనికి ఎవరు వేలు పెడతారు?" అన్నాడాయన, ఇదేం పిల్లరా అన్నట్టు చూసి.

ఒక్కసారిగా నాకు మొత్తం కనబడిపోయింది. ఇరవై నిమిషాలు కదలకుండా వదిలేస్తే, మనిషి లేచిపోయాడనుకుని మా ప్రోగ్రాము ఆ లాగిన్‌ను మరిచిపోతుంది. ఫారం తెరిచేటప్పుడు ఎవరు వచ్చారని అడుగుతుందిగానీ, ఆఖరి బటన్ దగ్గర అడగదు. అక్కడ నొక్కేసరికి ఎవరి పేరు మీద పెళ్లి రాయాలో తెలియక తప్పు వస్తుంది. ఆ తప్పును టేబుల్లో రాయబోతే, అక్కడా పేరు కావాలి. పేరు లేదు కాబట్టి డేటాబేసు ఆ వరసను వెనక్కి పంపుతుంది. పంపిందన్న సంగతి కూడా బయటికి చెప్పకూడదని నియమం. ఇంక మిగిలింది మొదటి పేజీ, దండం. మా బాసు మూడు నియమాలూ చేతులు కలుపుకుని, పెద్దమ్మ వేలి కింద మా అక్క పెళ్లిని గుటుక్కున మింగాయి. మేం గాజుల అంగడి మీద కూర్చుని చేసిన తప్పులన్నీ లాగిన్ అయి, పేరు పెట్టి చేసినవి. అందుకే ఇడ్లీలన్నీ దొరికాయి, పెళ్లిళ్లు దొరకలేదు.

భయపడవలసిన చోట నాకు నవ్వొచ్చింది. సోమవారం, శనివారం, గురువారం, రోజుకొక టైముకు తిరిగే తప్పు! తిరగదా మరి, రాహుకాలమే రోజుకొక టైముకు తిరుగుతుంటే! గోడకు ఆనుకుని పడీ పడీ నవ్వాను. "పాపకు గాలి సోకింది" అంది పెద్దమ్మ.

ఆ నవ్వు మధ్యలో ఆఫీసు ఫోను మోగింది. రెండో మండపం గుమాస్తా. ఆయన మాట గదంతా వినబడింది: "అన్నా, ఈడ ఒక పార్టీ మీ హాలు అడగతాండారు. పన్నెండు దాటినాక నొక్కినాము. దండం కూడా పెట్టేసింది."

ఆయన చెప్పిన తేదీ మాదే. వాళ్లది కూడా పడి ఉండదు, వాళ్లూ రాహుకాలం పోయేదాకా కూర్చునే ఉంటారు, నాకు తెలుసు. కానీ వాళ్లలో ఎవరైనా నాలాగే క్యాలెండరు తెరిచి చూస్తే? మళ్లీ నొక్కితే?

"సార్, మళ్లీ లాగిన్ కండి! ఇప్పుడే! బిర్రన!" అని అరిచాను.

గుమాస్తా కుర్చీలో సర్దుకుని కూర్చుని, వేళ్లు కీబోర్డు మీద పెట్టి, ఆగి, మా వైపు తిరిగాడు. "పాస్‌వర్డు కొట్టాలి. అందరూ అట్ల తిరగండి."

"నేనే సార్ ఆ పాస్‌వర్డు పెట్టే పేజీ రాసింది!"

"అయినా తిరగాల. నువ్వే కద అమ్మణ్ణీ, పాస్‌వర్డు ఎవురికీ చూపించొద్దని నాకి నేర్పించింది."

నాయన, అమ్మ, పెద్దమ్మ, నేను, నలుగురం గోడకు ముఖం పెట్టి నిలబడ్డాం. వెనక ఒక్కొక్క అక్షరం టక్... టక్... మని పడుతోంది. ఆయన ఏం పాస్‌వర్డు పెట్టుకున్నాడో ఏమో, ఏడు కొండలూ ఎక్కి దిగినంత పొడుగు. మధ్యలో ఒకటి తప్పు కొట్టి, "అయ్యో" అని, మొదటినుంచి మొదలుపెట్టాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నాయన భుజాలు ఊగడం చూస్తే ఆయనా నవ్వుతున్నాడని తెలిసింది.

అదే సమయానికి అక్క లోపలికి వచ్చింది. మమ్మల్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమైందే? అందరూ ఏమిటికి గోడకు తిరిగినారు?"

"నువ్వు కూడా తిరగవే" అంది పెద్దమ్మ. అక్క కూడా గోడకు తిరిగింది.

లాగిన్ అయ్యాక గుమాస్తాను లేవమని బతిమాలి, నేనే కూర్చుని, వివరాలన్నీ దడదడా కొట్టేశాను. పెద్దమ్మ మళ్లీ పసుపు తీయబోతే, "ముందు పెట్టిందే ఉండాది పెద్దమ్మా, నొక్కు!" అన్నాను. ఆమె నొక్కింది. ఈసారి దండం కంటే ముందు నంబరు వచ్చింది. క్యాలెండర్లో మా తేదీ ఎర్రబడింది. నేను కుర్చీలోంచి లేచి పెద్దమ్మను ఎత్తి గిరగిరా తిప్పాను. అంత బరువు మోయగలనని నాకే తెలియదు.

రెండో పార్టీ వాళ్ల సంగతి చెప్పకపోతే బాగుండదు. వాళ్లకు పురోహితుడు ఇంకో ముహూర్తం కూడా పెట్టాడట, ముందురోజే. ఆ రోజుకు రెండో మండపం ఖాళీగా ఉంటే అదే తీసుకుని, అక్కడ భోజనాల హాలు చల్లగా ఉందని సంతోషంగా పోయారు. కానీ మా ప్రోగ్రాము సరిగ్గా ఉండి ఉంటే, వాళ్ల పెద్దమ్మ మా పెద్దమ్మ కంటే ముందు నొక్కి ఉండేదేమో. దానికి మాత్రం కొంచెం సిగ్గుపడ్డాను. మా అక్క ముఖం చూశాక ఆ సిగ్గు ఎక్కువసేపు నిలవలేదు.

ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు పరుగెత్తి, పేరు లేని తప్పును కూడా డేటాబేసు తీసుకునేట్టు మార్చాను. పేరు తెలియని చోట ఏదో ఒకటి కనబడాలి కదా అని చిత్తూరబ్బాయి 'రాహువు' అని పెట్టాడు. గుమాస్తా చెప్పిన పాత పోగొట్టుకున్న పెళ్లిళ్లను వాడు గోడ క్యాలెండరు పక్కన పెట్టి చూశాడు. ప్రతి ఒక్కటీ రాహుకాలం వెళ్లిన మరుక్షణమే. "ఎలుకలను అనవసరంగా అన్నాము మేడమ్" అని బాధపడ్డాడు. లాగిన్ మరిచిపోయే గడువును రాహుకాలం కంటే పొడుగు చేశాం. దండం పెట్టే ఆవిడను బుకింగ్ అయినప్పుడే కనబడేట్టు కట్టేశాం. చెడితే ఇకమీదట 'పెళ్లి ఎక్కలేదు, మళ్లీ నొక్కండి' అని పెద్ద అక్షరాలు. ఆ అక్షరాలను ఒప్పుకోవడానికి బాసు మొదట మొండికేశాడు. సాయంత్రం దర్శనానికి టేబుల్ తెరిస్తే వరసలు పడి ఉన్నాయి, రాహువు, రాహువు, మళ్లీ రాహువు, ఎక్కడెక్కడివో, ఇన్నాళ్లూ మేం చూడనివి. ఆయన ముఖం చిన్నబోయింది. నేనూ, చిత్తూరబ్బాయీ మాత్రం ఒకరి చేతులు ఒకరం పట్టుకుని గది మధ్యలో గంతులేశాం. తప్పులు కనబడితే అంత సంతోషమా అని కింద గాజులమ్మే ఆమె పైకి వచ్చి చూసి పోయింది. ఆ రోజు వడలు నేను తెప్పించాను.

కానీ ఆ తర్వాత నాకు ఒక జబ్బు పట్టుకుంది. టేబుల్ ఖాళీగా ఉందంటే భయం.

అక్క పెళ్లి పొద్దున మండపం నిండా జనం, సన్నాయి, మల్లెపూలు. నేను పట్టుచీర కట్టుకుని అక్షింతల పళ్లెం పట్టుకుని తిరుగుతుంటే, గుమాస్తా ఎదురుపడ్డాడు. "అమ్మణ్ణీ, నిశ్చింతగా ఉండు. మూడు దినాలుగా కంప్యూటర్లో ఒక్క తప్పు లేదు" అన్నాడు, ఆశీర్వదించినట్టు. ఆ మాట వినగానే నా ప్రాణం గిలగిలలాడింది. మూడు రోజులు ఒక్కటి కూడా లేదా? లేకనా, రాసుకోకనా? ముహూర్తానికి ఇంకా టైముందిలే అనుకుని, పళ్లెం అమ్మ చేతిలో పెట్టి ఆఫీసు గదిలోకి దూరాను. టేబుల్ తెరిచాను. ఖాళీ. కొత్త బుకింగ్ పేజీ తెరిచి, తేదీ గడిలో ఇడ్లీ అని కొట్టి, నొక్కాను.

నొక్కిన క్షణానే బయట గట్టిమేళం పేలింది.

పట్టుచీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. అక్షింతలు గాలిలో ఉన్నాయి. జనం భుజాల మధ్య దూరి, పీటల దగ్గరికి చేరేసరికి బావ రెండో ముడి వేస్తున్నాడు. పెళ్లికూతురు తల వంచుకోవాలి కదా, మా అక్క తలెత్తి, జనంలో ఎవరికోసమో వెతుకుతోంది. నన్ను చూసింది. ఆ ముఖం ఎలా విచ్చుకుందో నేను చెప్పలేను. నా చేతిలో ఏమీ లేకపోతే పెద్దమ్మ తన చేతిలోవే సగం అక్షింతలు నా గుప్పిట్లో పోసి, వీపు మీద ఒకటి చరిచింది. మూడో ముడికి నేనూ వేశాను, ఏడుస్తూ.

ముడి పడగానే అక్క నా చెయ్యి పట్టుకుని లాగి, "నాకి హాలు తెచ్చిపెట్టి, నువ్వు యాడికి పోయినావే?" అంది.

మరుసటి రోజు చిత్తూరబ్బాయి టేబుల్ శుభ్రం చేస్తూ అడిగాడు, ఈ ఇడ్లీ ఎవరిది, తుడిపేయమంటావా అని. వద్దన్నాను. గుమాస్తా పేరు, 'ఇది తేదీ కాదు: ఇడ్లీ', పక్కన సమయం, సెకన్లతో సహా. మా అక్క మెడలో తాళి పడిన నిమిషం పురోహితుడికి కూడా అంత కచ్చితంగా తెలియదు. ఇప్పటికీ ప్రతి పెళ్లిరోజుకూ అక్క ఫోను చేసి, ముందు నన్ను నాలుగు తిట్టి, ఆపైన అడుగుతుంది: "ఆ ఇడ్లీ ఇంకా ఉండాదా?"

"ఉండాదే" అంటాను.